ఎడతెగని ఊపిరి

పాములవాడు నాగస్వరమూదుటను మనమందఱము చూచినవారమే. వాని బుగ్గలు పొంగుచుండును. నాదము మాత్రము ఎచ్చటను తెగదు. వాడు ఊపిరి ఎప్పుడు పీల్చుకొనుచున్నాడో చూచువారికి అంతుపట్టదు. ఈ విద్యయే ప్రాణముగా గల వాద్యమొకటి ఆస్ట్రేలియాఖండపు ఉత్తరసీమయందు కలదు. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆ సీమలో ఆర్నెమ్ ల్యాండ్ అను ప్రదేశపు ఈశాన్యభాగమున యోల్ంగులను ఆదిమవాసులున్నారు. వారు దీనిని యిడాకి యందురు. లోకము డిడ్జరిడూ అనుచున్నది. అది వాద్యధ్వనిని అనుకరించి పరులు పెట్టిన పేరని పలువురి అభిప్రాయము. ఆ ప్రాంతపు కొండరాళ్లపై నున్న చిత్రములను బట్టి, ఈ వాద్యము సుమారు 1000 ఏండ్ల నాటిదని చెప్పుదురు. దీనిని తొలిచెడిది ఉలి కాదు, చెదపురుగు. నిలిచియున్న యూకలిప్టసు మ్రాను లోపలి చేవను చెదలు తినివేయును. పనివాడు మ్రానును తట్టి, ధ్వని విని, గుల్లయైనదానిని ఏఱుకొనును. సుమారు 4, 5 అడుగుల పొడవున నఱకి, బెరడు తీసి, నోరుంచు చోట తేనెమైనమును అద్దును. స్వరరంధ్రములు లేవు. పెదవుల అదురు, నాలుక కదలిక, ఊపిరి: ఇవియే దానికి సర్వస్వము.

ఆ ఊపిరి విద్య ఇట్టిది. ఊదుచున్నవాడు బుగ్గలనిండ గాలి నిలుపుకొని, దానిని బుగ్గల బలముచే వెలికి నెట్టుచు, ఆ క్షణముననే ముక్కుతో క్రొత్త గాలిని పీల్చవలెను. పిదప రొమ్ములోని గాలి పనిని అందుకొనును. చెంబెడు నీటిలో బొప్పాయి కాడనుంచి, బుడగలు తెగకుండ ఊదుచు ఊపిరి తీయ యత్నించినచో ఇందలి కష్టము తెలియును. కంసాలి ఊదుగొట్టముతో మంటను నిలుపు నేర్పును ఇట్టిదియే. యోల్ంగు బాలురు దీనిని గ్రంథములవలన నేర్వరు. మృదంగము నేర్చువాడు జతులను పలికినట్లు, వారును పెద్దల చెంత కూర్చుండి, విని, ఆ లయను ముందు నోట పలికి, పిదప ఊదుదురు.

ఇది వట్టి వినోదము కాదు. యిడాకితోను, బిల్మ యను తాళపుకఱ్ఱలతోను పాడు మనికాయ్ అను పాటలలో ఒక్కొక్క వంశమువారి నేలలు, నీటిపట్టులు, పూర్వుల సంచారములు వర్ణింపబడును. కాగితములెఱుగని ఆ జాతికి ఆ పాటలే దస్తావేజులు. 1788లో ఆంగ్లేయులు ఆ ఖండమున వలస నెలకొల్పి, ఆ భూమి ఎవ్వరిదియు కాదన్నట్లు వ్యవహరించిరి. 1963లో యిర్కాలా చెంత బాక్సైటు గనికై ప్రభుత్వము నేలను విడదీయగా, యోల్ంగులు తమ భాషయందును ఆంగ్లమందును అర్జీలు వ్రాసి, చెట్టుపట్టలపై అంటించి, చుట్టును తమ వంశచిత్రములను తీర్చి పార్లమెంటునకు పంపిరి. గని ఆగలేదు. వ్యాజ్యము వేసిరి. 1971లో న్యాయమూర్తి, వారికి తమదైన ధర్మశాసనము కలదని ఒప్పుకొనియు, భూమిపై ఆస్తిహక్కు కలదని మాత్రము అంగీకరింపలేదు. 1976లో భూహక్కుల చట్టము వచ్చినది. 1992లో మాబో అను ద్వీపవాసి వ్యాజ్యమున, ఎవ్వరిదియు కాని భూమి యను వాదమునే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము త్రోసిపుచ్చినది. వలస నాటినుండి లెక్కింపగా 204 ఏండ్లు!

అన్నియేండ్లును ఆ దస్తావేజులను కాపాడినది ఏ కచ్చేరియు కాదు. ఒకని ఊపిరి అలయుటకు ముందే మఱియొకడు అందుకొనెను, పాట తెగలేదు. మన పల్లెలలోను పొలముల పేర్లు, చెఱువుల కథలు పెక్కు వృద్ధుల నోటనే యున్నవి. వానిని అందుకొనెడి పసివారిని చెంత కూర్చుండబెట్టుకొనుట పెద్దల వంతు.