ఖాను డేరా ముచ్చట

ఇగో, ఆ తుమ్మ మొద్దును జర లోపలికి తోయి బిడ్డా, పొగ కండ్లల్లకొస్తున్నది. ఆ, ఇప్పుడు ఇనుండ్రి.

నేను బడికి పోయిన కాలంల నిజాం రాజ్యం నడుస్తుండె. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. అలీఫ్, బే సక్కగ రాయకపోతే పంతులు చింతబరిగెతోని అరచేతులు వాయగొడుతుండె. ఓనాడు ఏడ్సుకుంట పోయి, అసలీ ఉర్దూ అంటె ఏందని మా తాతనడిగిన. "ఫౌజోళ్ల భాష" అన్నడు, అంతే. ఆ మాట సగమే నిజమని తెలిసేసరికి నా నెత్తి నెరిసింది.

ఉర్దూ అనే పేరు మూలం ఢిల్లీల లేదు, మంగోలియాల ఉన్నది. అక్కడ ఓర్ఖోన్ నది లోయల ఓ రాయి దొరికింది. ఇద్దరు మనుషులంత ఎత్తుంటది. తుర్కుల ఖాను బిల్గె, సచ్చిపోయిన తమ్ముడు కుల్ తిగిన్ పేరు మీద 732ల పాతిచ్చిండు. దాని మీది పాత తుర్కు అక్షరాల గుట్టు 1893ల డెన్మార్క్ పండితుడు విల్హెల్మ్ థామ్సెన్ ఇప్పిండు.

అండ్ల ఓ సంగతున్నది. ఓగుజులనే తెగోళ్లు ఒర్దు మీద పడ్డరు. ఒర్దు అంటె ఖాను విడిది, డేరాల గుంపు. లోపల తల్లి, పినతల్లులు, అక్కచెల్లెండ్లు, కోడండ్లు. కుల్ తిగిన్ తెల్లగుర్రమెక్కి తొమ్మిది మందిని పొడిసిండు, ఒర్దును మాత్రం ఇడువలే. వాడే లేకుంటె మీరంత పీనుగులయ్యేటోళ్లు, కాకుంటె బానిసలయ్యేటోళ్లని అన్న ఆ రాయి మీదనే చెప్పుకుంటడు. గెలిచిన దేశాల లెక్క కంటె నాకు ఆ ముచ్చటనే పెద్దగ కొడుతది.

మూడు వందల ఏండ్లు దాటినంక, బాగ్దాదుల కూసొని మహమూద్ కాష్గరీ తుర్కు మాటల నిఘంటువు రాసిండు. అప్పటికి ఒర్దు అంటె రాజుండే ఊరు. డేరా పోయి కోట వచ్చింది, పేరు అదే. మంగోలులు ఎత్తుకున్నరు, రష్యా దిక్కు పోయింది, ఇంగిలీషుల హోర్డ్ అని మందకు పేరైంది.

ఇటు మన దిక్కు మొగలుల బాబరు పట్టుకొచ్చిండు, ఆయన మాతృభాష తుర్కీనే. మొగలుల పాళెం ఏడికి పోతే బజారు ఆడికి పోతుండె, రెంటికీ ఈ మాటనే. షాజహాను కట్టిన ఢిల్లీని ఉర్దూ-ఎ-ముఅల్లా అన్నరు, గొప్ప విడిది అని. ఆడి భాష జబాన్-ఎ-ఉర్దూ-ఎ-ముఅల్లా. అంత పొడుగు పేరు ఎవ్వనికి నోరు తిరుగుతది? ముందు, ఎనక కోసి పారేసిండ్రు. 18వ శతాబ్దం ఆఖరుకు ఉర్దూ మిగిలింది.

మరి 1591ల హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఉర్దూల దివాన్, అంటె కవితల పుస్తకమే రాసిండు గద అంటవా? రాసిండు, దక్కనీల. ఆ భాషను ఉర్దూ అంటరని ఆయనకే తెల్వదు. కొసమెరుపేందంటె, ఆయన పేరుల కులీ గూడ తుర్కు మాటనే, బానిస అని అర్థం. మన కూలికి, దానికి చుట్టరికం లేదు, కలుపకుండ్రి.

మన సికింద్రాబాదును గూడ లష్కర్, అంటె ఫౌజు పాళెం అంటం, లష్కర్ బోనాలంటం. ఆడ పాళెం ఊరైంది, ఢిల్లీల పాళెం పేరు భాషకెక్కింది. మా తాత సగం మాట మాత్రం టర్కీల నిండుగ చెల్లుతది. ఆడ ఇయ్యాలటికీ ఒర్దు అంటె ఫౌజే.