కోరంగిలో ఎన్ని బారల నీళ్లు?

మా తాత గెడ పద్దెనిమిది అడుగుల వెదురు. కింది కొస నుంచి మూర మూరకీ కత్తితో పెట్టిన గాటు ఉండేది, నాలుగు మూరలకి రెండు గాట్లు. నాలుగు మూరలంటే ఒక బార. మనిషి రెండు చేతులూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా, ఇంచుమించు ఆరడుగులు. ఇంగ్లీషు నావికులు ఫాదమ్ అని కొలిచిందీ ఇదే. చీకటి పడ్డాక కూడా తాత గెడ వేసి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో బొటనవేలితో తడిమి, "బారా రెండు మూరలు" అనేవాడు. అడుగున ఇసకైతే గెడ కొస గరగరలాడుతుంది. బురదైతే మెత్తగా దిగి, లాగేటప్పుడు పట్టుకుంటుంది. లోతుతోపాటు నేల సంగతి కూడా ఆయన అరచేతికి తెలిసిపోయేది.

నేను తాళ్ళరేవు దగ్గర పుట్టి, కాకినాడ రేవులో సర్వే లాంచీ మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. మొదట్లో సీసం గుండు తాడు వదిలేవాణ్ణి. గుండు అడుగున గుంట ఉంటుంది. అందులో కొవ్వు కూరి వదిలితే నేల మీది ఇసకో, బురదో, గుల్లపొడో అంటుకుని పైకొస్తుంది. తాడుకి రెండు బారల దగ్గర రెండు తోలుముక్కలు, మూడు దగ్గర మూడు, ఐదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ. తరువాత యంత్రాలొచ్చి, శబ్దాన్ని కిందికి పంపి లోతు చెప్పడం మొదలుపెట్టాయి. పని మారినా ప్రశ్న మారలేదు: ఇక్కడ ఎన్ని నీళ్లున్నాయి, అవి ఎంతసేపుంటాయి?

ఒకప్పటి ఓడరేవు కోరంగి గురించి రాసినవాళ్లు ఈ ప్రశ్న వేయకుండా దాటిపోతారని నాకు బాధ. వాళ్ల రాతల్లో ఎప్పుడూ తుఫానే ఉంటుంది. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఊరి మీద పడ్డాయి. 1839 నవంబరు 25న మళ్లీ ఉప్పెన వచ్చింది. ఇప్పుడు లోకమంతా వాడే 'సైక్లోన్' అన్న మాటని 1848లో పుస్తకంలోకి ఎక్కించిన కలకత్తా అధికారి హెన్రీ పిడింగ్టన్, కోరంగి ఉప్పెన కథని కూడా తన రాతల్లో చెప్పాడు. ఆ శవాలనీ ఆ కన్నీళ్లనీ నేను తక్కువ చెయ్యను. కానీ 1789 తరువాత కోరంగి మళ్లీ లేచింది. అది గుర్తుపెట్టుకోవాలి. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు ఓడల మరమ్మతు కోసం ఇక్కడ డాక్ కట్టించాడంటే, ఉప్పెన వచ్చిన పదమూడేళ్లకే ఈ నీటి మీద పెట్టుబడి పెట్టే నమ్మకం కలిగిందన్నమాట.

ఆ నమ్మకం ఎక్కడిది? యానాం దగ్గర గౌతమి నుంచి విడిపోయిన పాయ మీద ఉంది కోరంగి. బయట సముద్రం రేగినా లోపల నీరు నిలకడగా ఉంటుంది. మెత్తటి బురదనేల కాబట్టి ఓడ అడుగు ఆనినా పలక పగలదు. అన్నిటికన్నా ముఖ్యం, పోటూ పాటూ ఊరి దాకా వస్తాయి. ఓడ అడుగుకి తారు పుయ్యాలన్నా, నాచూ గుల్లలూ గీకాలన్నా నీళ్లలోంచి తియ్యాలి. పౌర్ణమి పోటుకి ఓడని గోదిలోకి, అంటే డాక్‌లోకి తోసి, నోటికి మట్టికట్ట వేసి, పాటు వేళ నీరు తీసేస్తే ఓడ పొడినేల మీద కూర్చుంటుంది. పని అయ్యాక మరో పెద్ద పోటుకి కట్ట తెంపితే తేలుతుంది. బరువెత్తే పని సముద్రానిది. మనిషి పని వేళ తప్పకుండా ఉండడమే.

ఈ పోటు అన్నిచోట్లా ఒకలా ఉండదు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ మధ్య పన్నెండు మీటర్ల పైన తేడా ఉంటుంది. అక్కడ రేవులో ఓడలు రోజుకి రెండుసార్లు బురద మీద పడి ఉండేవి. చివరికి 1809లో తలుపులు పెట్టి నీటిని లోపలే ఆపుకున్నారు. మన తీరంలో పౌర్ణమినాడు కూడా ఆ తేడా మీటరున్నర లోపే, అంటే మూడు మూరలు. అష్టమి దాటాక అందులో సగం కూడా ఉండదు. తేడా ఇంత తక్కువ కాబట్టే మా వాళ్ల లెక్క అంత గట్టిది. మొగ దగ్గర ఇసక మేట మీద ఓడకి ఒక మూర నీరు చాలకపోతే ఆ మూర పౌర్ణమికో అమావాస్యకో తప్ప దొరకదు.

ఆ లెక్క పంచాంగంలోనే ఉంది. అమావాస్యనాడు పోటు నిండే వేళ తెలిస్తే చాలు, ఆ తరువాత తిథికి రెండు ఘడియలు కలుపుకుంటూ పోవడమే. రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. మా ఆఫీసులోని అచ్చు పట్టికలో సగటున యాభై నిమిషాలని ఉండేది. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగదని కూడా వాళ్లకి తెలుసు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడో నాలుగో గంటల్లో మూడేసి, తరువాత రెండు, చివర ఒకటి. తాత ఈ వంతులు చెప్పేవాడు కాదు, "నడిమధ్యలో ఉరుకుద్ది" అనేవాడు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక రాత్రి పడవ కట్టే పని నాకు అప్పజెప్పాడు. పోటు నిండుగా ఉంది. గట్టిగా కడితే భద్రమనుకుని మోకు బిగించి కట్టేశాను. రాత్రి నీరు దిగింది, మోకు దిగనివ్వలేదు. పడవ గట్టు వైపు వేలాడి అవతలి పక్కకి ఒరిగింది. తెల్లారేసరికి పదకొండు ధాన్యం బస్తాలు తడిసి ఉన్నాయి. తాత తిట్టలేదు. మర్నాడు పోటు నిండగానే మోకు నా చేతికిచ్చి గట్టున కూర్చోబెట్టాడు. "నీరు ఎంత దిగితే అంత వదులు. పోటులో కట్టేవోడు పాటుని తలుచుకోవాలిరా" అన్నాడు. ఆరు గంటలు అలాగే కూర్చున్నాను. నీరు దిగడం కంటికి కనబడదు, చేతిలో మోకు బరువెక్కుతుంది.

కోరంగి లోతు కూడా అలాగే, కంటికి కనబడకుండా తగ్గింది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి, వరదకాలంలో దక్కను నేలనంతా కరిగించి తెస్తుంది. ఆ సన్నమట్టి ఉప్పునీరు తగలగానే కణానికి కణం అంటుకుని బరువెక్కి దిగిపోతుంది. పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలిచే కాసేపు దానికి చాలు. ఏటికి వేలెడు పేరుకుందనుకుంటే పాతికేళ్లకి ఒక బార పోయినట్టే. మొగ దగ్గర మేట పెరిగింది. ముందు పెద్ద ఓడలు బయటే ఆగాయి, తరువాత చిన్నవీ ఆగాయి. గౌతమి ఇసకతోనే సముద్రంలో హోప్ ఐలండ్ పొడవుగా సాగి కాకినాడ అఖాతానికి గోడ కట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద సరుకు నేరుగా కాకినాడ చేరింది. కోరంగిని ఒక్క రోజులో తుఫాను ముంచింది, వందేళ్లలో మేట మూసింది. మొదటిదానికి తారీఖులున్నాయి, రెండోదానికి లేవు. అందుకే చరిత్రలో మొదటిదే మిగిలిందని నా నమ్మకం.

లోతు తెలిసిన మనుషులు నీరున్న చోటికి పోయారు. కాకినాడలో ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేస్తే, సరుకుని నావల మీద చేరవేసే సరంగులయ్యారు. ఈ తీరం నుంచి వేలమంది ఓడలెక్కి రంగూన్ వెళ్లి అక్కడి రేవులో బస్తాలు మోశారు. బర్మాలో తెలుగువాడిని 'కోరంగీ' అనేవాళ్లు. 1930 మేలో రంగూన్ రేవులో అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బలు తిన్నది ఆ పేరున్న కూలీలే. అప్పటికి వాళ్లకి ఆ పేరిచ్చిన రేవులో పెద్ద ఓడ తిరిగే నీరు లేదు.

ఇప్పుడు కోరంగి అంటే మడ అడవి. 1978 నుంచి అభయారణ్యం. మొన్న కార్తీకంలో మనవణ్ణి తీసుకెళ్లాను. పడవ ఎక్కాలంటే, "నీళ్లు రావాలండీ, పోటు దాకా కూర్చోండి" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకు సంతోషమేసింది, ఈ ఊళ్లో ఇంకా ఆ మాట మీదే పని నడుస్తోంది. తాత గెడ ఇంట్లో చూరు కింద ఉంది. పనికొచ్చే కర్ర లేక గట్టున పడున్న సరుగుడు కర్ర తీసి పాయలో దింపాను. మెత్తగా దిగింది. మనవడి చెయ్యి పట్టుకుని తడి మీద వేలు పెట్టించి, మూర ఎలా కొలవాలో చూపించాను. రెండు మూరలు. "ఇది ఇప్పటి లెక్క. రెండు గంటలాగి మళ్లీ కొలుద్దాం" అన్నాను. ఇద్దరం గట్టున కూర్చున్నాం.