బహదూర్‌పురా రాజకీయాలు, ఓటింగ్ సరళి

బహదూర్‌పురా హైదరాబాద్ పాతబస్తీలోని ప్రాంతం. ఇదే పేరుతో శాసనసభ నియోజకవర్గం కూడా ఉంది. హైదరాబాద్ లోక్‌సభ స్థానం పరిధిలోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఇదొకటి. నియోజకవర్గం ఏర్పడిన నాటి నుంచి 2023 వరకు జరిగిన నాలుగు శాసనసభ ఎన్నికల్లోనూ మజ్లిస్ (ఏఐఎంఐఎం) పార్టీయే గెలిచింది. భారీ మెజారిటీ, తక్కువ పోలింగ్ రెండూ ఒకేచోట కనిపించడం ఇక్కడి ఎన్నికల ప్రధాన లక్షణం.

పరిధి

2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో బహదూర్‌పురా స్థానం ఏర్పడి, 2009లో తొలి ఎన్నిక జరిగింది. కిషన్‌బాగ్, దూద్‌బౌలి, జహనుమా, రామ్నాస్‌పురా, నవాబ్‌సాహెబ్‌కుంట ఇక్కడి ముఖ్యమైన బస్తీలు. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, దాని పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువు ఈ ప్రాంతానికి గుర్తులు.

నేపథ్యం

1958లో అబ్దుల్ వాహిద్ ఒవైసీ మజ్లిస్‌ను పునరుద్ధరించారు. ఆయన కుమారుడు సలావుద్దీన్ ఒవైసీ 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు, 1984లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ లోక్‌సభ స్థానం 2004 నుంచి మజ్లిస్ నేత అసదుద్దీన్ ఒవైసీ చేతిలో ఉంది.

పాతబస్తీ ఓటరు మజ్లిస్‌ను ఎన్నడూ కాదనలేదన్న మాట నిజం కాదు. పార్టీ నుంచి విడిపోయిన అమానుల్లా ఖాన్ 1993లో మజ్లిస్ బచావో తెహ్రీక్ (ఎంబీటీ) స్థాపించారు. 1994 శాసనసభ ఎన్నికల్లో ఎంబీటీ చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా గెలుచుకోగా, మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది. 1999లో మజ్లిస్ అభ్యర్థి అక్బరుద్దీన్ ఒవైసీ చేతిలో అమానుల్లా ఖాన్ ఓడిపోవడంతో మజ్లిస్ మళ్లీ పుంజుకుంది.

శాసనసభ ఫలితాలు

మహ్మద్ మోజం ఖాన్ 2009, 2014, 2018లో వరుసగా గెలిచారు. 2014లో ఆయనకు 1,06,874 ఓట్లు రాగా, రెండో స్థానంలో నిలిచిన తెలుగుదేశం అభ్యర్థికి 11,829 వచ్చాయి, మెజారిటీ 95,045. 2018లో ఆయన 96,993 ఓట్లతో టీఆర్‌ఎస్ అభ్యర్థి ఇనాయత్ అలీ బాక్రీపై 82,518 మెజారిటీ సాధించారు.

2023లో మజ్లిస్ అభ్యర్థిని మార్చి, గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) కార్పొరేటర్ మహ్మద్ ముబీన్‌కు టికెట్ ఇచ్చింది. ఆయనకు 89,451, బాక్రీకి 22,426 ఓట్లు పడ్డాయి, మెజారిటీ 67,025. తొమ్మిదేళ్లలో గెలిచినవారి ఓట్లు దాదాపు 17 వేలు తగ్గాయి, రెండో స్థానంలోని వారి ఓట్లు రెట్టింపుకు దగ్గరయ్యాయి. పాతబస్తీలోనే ఉన్న యాకుత్‌పురాలో అదే ఎన్నికల్లో మజ్లిస్ 878 ఓట్లతో ఎంబీటీపై గట్టెక్కింది. కంచుకోట అనే పేరు పాతబస్తీ అంతటికీ ఒకేలా వర్తించదని ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే తేలిపోతుంది.

నగరపాలక ఎన్నికలు

మజ్లిస్ బలానికి మూలం కార్పొరేటర్ల వ్యవస్థ. ఆగాపురాలోని పార్టీ కార్యాలయం దారుస్సలాంలో ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చుని జనం అర్జీలు తీసుకుంటారు. మురుగు పొంగినా, ఆస్పత్రికి సిఫార్సు ఉత్తరం కావాలన్నా, బడిలో సీటు దొరక్కపోయినా అక్కడికే వెళ్లడం పాతబస్తీలో అలవాటు. అప్పట్లో 150 డివిజన్లున్న జీహెచ్‌ఎంసీలో 2009లో 43, 2016లో 44, 2020లో 44 స్థానాలు ఈ పార్టీకి దక్కాయి. 2009లో కాంగ్రెస్, 2016, 2020లలో టీఆర్‌ఎస్ మొదటి స్థానంలో నిలిచినా ఈ సంఖ్య దాదాపు కదల్లేదు. కాంగ్రెస్‌తో అవగాహన మేరకు 2012లో మజ్లిస్ నేత మాజిద్ హుస్సేన్ మేయరయ్యారు.

పోలింగ్ శాతం

2023లో తెలంగాణ మొత్తం మీద 71 శాతానికి పైగా పోలింగ్ నమోదైతే, బహదూర్‌పురాలో సగం మంది కూడా ఓటు వేయలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానం మొత్తానికీ పోలింగ్ 50 శాతం దాటలేదు. అసదుద్దీన్ ఒవైసీ 3,38,087 మెజారిటీతో బీజేపీ అభ్యర్థి మాధవీలతపై గెలిచారు. ఫలితం ముందే తెలిసిన చోట ఓటరుకు ఉత్సాహం తగ్గుతుంది. ఇల్లు మారినవారి, చనిపోయినవారి పేర్లు జాబితాలో మిగిలిపోతే శాతం ఇంకా తక్కువగా కనిపిస్తుంది. పోలింగ్ రోజు బూత్‌కు కాస్త దూరంలో బల్లలు వేసుకుని చీటీలు రాసిచ్చే కార్యకర్తలు ఏ గల్లీలో ఎవరు రాలేదో చూసుకుంటూ ఉంటారు. అలాంటి యంత్రాంగం లేని పార్టీలు ఇక్కడ నిలదొక్కుకోలేకపోయాయి.

ప్రధాన సమస్యలు

వర్షాకాలంలో ముంపు, మురుగునీటి పారుదల, ట్రాఫిక్ ఇక్కడి ప్రచారంలో తరచూ వినిపించే అంశాలు. 2022 ఏప్రిల్‌లో బహదూర్‌పురా ఫ్లైఓవర్, 2025 జనవరిలో జూపార్క్–ఆరాంఘర్ ఫ్లైఓవర్ అందుబాటులోకి వచ్చాయి. రెండింటినీ ప్రారంభించింది వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. రాష్ట్రంలో అధికారం ఎవరిదైనా స్థానిక ప్రతినిధి మాత్రం మజ్లిస్ మనిషే కావడం వల్ల, పనుల ఘనత, లోటు ఎవరి ఖాతాలో వేయాలన్నది ప్రతి ఎన్నికలోనూ వాదనే.

జవాబుదారీతనం ఓటుతోనే వస్తుంది, మెజారిటీ ఎంత పెద్దదైనా సరే. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 నాటికి 18 ఏళ్లు నిండేవారు ఫారం 6తో పేరు నమోదు చేసుకోవచ్చు. తప్పులు, చిరునామా మార్పులకు ఫారం 8 ఉంది. బహదూర్‌పురాలో మిగతా సగం మంది కూడా బూత్‌కు వచ్చిన రోజే ఇక్కడి తీర్పు పూర్తి తీర్పు అవుతుంది.