అడిగిన సలహా, అడుగని సలహా

పాటింపవలెనన్న నిర్బంధము లేని సలహాకు విలువ యేమి? ఐరోపా ఆర్థిక సాంఘిక సంఘము చరిత్రను చూచునపుడెల్ల మాకీ సందేహము కలుగుచుండును.

ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలెండు, లక్సెంబర్గు - ఈ ఆరు దేశములును 1957 మార్చి 25వ తేదీన రోములో చేసికొన్న ఒడంబడికలోనే ఈ సంఘమును కల్పించినవి. 1958 మే నెలలో బ్రస్సెల్సు నగరమున తొలి సమావేశము జరిగెను. సభ్యులు 101 మంది. యజమానులు, కార్మికులు, రైతులు, వర్తకులు, చేతిపనివారు అందు కూర్చుండిరి. కొన్ని విషయములలో చట్టము చేయుటకు ముందు మంత్రిమండలి వీరి అభిప్రాయము అడిగి తీరవలెను. విని తీరవలెనని మాత్రము లేదు. అంతకంటె చిత్రమేమనగా, అడిగిననే గాని వీరు నోరు విప్పరాదు! విందునకు పిలిచి విస్తరి వేయకుండుట వంటిదే యిది. తమంతట తాము సలహా చెప్పు హక్కును 1972 అక్టోబరులో పారిస్‌లో సమావేశమైన ప్రభుత్వాధినేతలు అంగీకరించిరి.

అడిగిన సలహాకును ఒక కథ కలదు. కార్మికుల మౌలిక హక్కులను గూర్చి 1988లో కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ సంఘము నడిగెను. పని యిచ్చువారును పని చేయువారును ఒకే బల్ల చుట్టు కూర్చుండి తర్కించిరి. మా దృష్టిలో అదియే గొప్ప. 1989 ఫిబ్రవరిలో సమాధానము వెలువడెను. ఆ డిసెంబరులో స్ట్రాస్‌బర్గులో 12 దేశములలో 11 హక్కుల పత్రమును ఆమోదించినవి. దానికి శాసనబలము లేదు. అయినను బ్రిటన్ ఒప్పుకొనలేదు. 1998లో గాని సంతకము చేయలేదు. 2020లో ఆ దేశము ఐరోపా యూనియన్‌ను వీడగా సంఘమున దాని 24 స్థానములును పోయినవి.