రికార్డుల్లో వైణికుడు, టేపుల్లో నిర్దేశకుడు

పటాన్‌చెరు దాటి లక్డారం వైపు వెళ్తే రాతి క్రషర్ల హోరు, టిప్పర్ల మోత. ఆ దారిలో ఫోన్ స్పీకరులో ఈమని శంకరశాస్త్రి వీణ పెడితే సారణి తంతి ఒక్కటే పలుకుతుంది. కింది స్థాయి తంతులైన మంద్రం, అనుమంద్రం ఆ బుల్లి స్పీకరు దాటి రావు. చరిత్రలోనూ ఆయనకు దాదాపు ఇదే జరిగింది. వైణికుడు లోకానికి వినిపించాడు. ఆకాశవాణి జాతీయ వాద్యవృందాన్ని నడిపిన నిర్దేశకుడు మాత్రం కిందే ఉండిపోయాడు.

శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి పేరున్న వైణికుడు. విద్య ఇంట్లోనే అబ్బింది. బృందవాదన కిటుకులు మాత్రం మద్రాసులో, జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు దగ్గర పట్టుబడ్డాయి. 1948 నాటి ‘చంద్రలేఖ’ ఆ స్టూడియో సినిమాయే. రాజేశ్వరరావు, ఎం.డి. పార్థసారథి కూర్చిన ఢోలు నృత్యం ఇవాళ విన్నా ఒళ్లు జలదరిస్తుంది. సినిమా మిగిలింది కాబట్టి ఆ వాద్యాల మోతా మిగిలింది. రేడియో సంగీతానికి అంతటి అదృష్టం లేదు.

ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృందాన్ని మొదలుపెట్టింది. తొలి రోజుల్లో పండిట్ రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దాన్ని తీర్చిదిద్దారు. మద్రాసు కేంద్రంలో పనిచేసిన శంకరశాస్త్రి తర్వాత ఢిల్లీ వెళ్లి, ఆ బృందానికి స్వరరచన చేశారు, నిర్దేశకత్వం వహించారు. ‘ఆదర్శ శిఖరారోహణం’ అలా పుట్టిన రచనే.

బృందానికి కూర్చడం ఎంత కష్టమైన పనో వీణ ముందు కూర్చుంటే తెలుస్తుంది. ఒక్క మీటు వేసి, ఆ నాదం అణగిపోయే లోపే ఎడమచేతి వేలితో తంతిని మెట్టు మీద పక్కకు లాగితే రెండు మూడు స్వరాలు జారుతూ వస్తాయి. అది గమకం. ఒక మనిషి వేలికి అది సహజం. సితారు, సరోద్, వయొలిన్, వేణువు కలిసి కూర్చున్నప్పుడు అందరూ ఒకే లాగుడు ఎలా లాగాలి? స్వరాలు కాగితం మీద రాయవచ్చు, గమకాన్ని పూర్తిగా రాయలేం. దాన్ని ఎక్కడ ఉంచాలో, ఎక్కడ నిలకడ స్వరానికి దించాలో తేల్చేది నిర్దేశకుడే. శంకరశాస్త్రిని అంచనా వేయాల్సిన చోటు ఇదే.

గ్రామఫోన్ కంపెనీ తెచ్చిన ఎల్పీలు ఆయన వేలినే పట్టుకున్నాయి. విచిత్రవీణ విద్వాంసుడు గోపాలకృష్ణతో చేసిన జుగల్‌బందీ కూడా ఇద్దరి సంభాషణే. శంకరశాస్త్రి శిష్యుడు చిట్టిబాబు పేరు ఇంటింటికీ చేరింది కూడా వీణ వల్లే. ఒక్క వీణను కొనేవాళ్లు ఉన్నారు. బృందవాదనకు అంగడి లేదు, అది రేడియో టేపుల్లోనే ఉండిపోయింది.

ఐరోపాలో అలాంటి టేపులే నిర్దేశకుల మీద తీర్పులు మార్చిన సందర్భాలు ఉన్నాయి. జర్మన్ నిర్దేశకుడు ఫుర్ట్‌వెంగ్లర్ రెండో ప్రపంచయుద్ధకాలపు కచేరీలు బెర్లిన్ రేడియో టేపుల మీద బతికాయి. సోవియట్ సైన్యం వాటిని పట్టుకెళ్లినా, తర్వాత అవే ఆయన కీర్తికి ఆధారమయ్యాయి. రుమేనియా నిర్దేశకుడు చెలిబిదాకే చాలావరకు స్టూడియో రికార్డింగులకు ఒప్పుకోలేదు. 1996లో ఆయన పోయాక మ్యూనిక్ కచేరీల టేపులు బయటికొచ్చాయి, లోకం ఆయన్ను కొత్తగా విన్నది.

శంకరశాస్త్రి 1987లో కన్నుమూశారు. ఆయన వీణకు ఇవ్వాల్సిన తీర్పు శ్రోతలు ఎప్పుడో ఇచ్చారు. వాద్యవృందం మీద తీర్పు చెప్పాలంటే, ఆయన ఒంటరిగా వాయించిన రాగాన్నీ, అదే రాగంలో బృందానికి కూర్చిన రచననూ పక్కపక్కన పెట్టి, మంద్రం కూడా పలికే మంచి స్పీకర్లలో వినాలి. ప్రతి టేపు మీద తేదీ ఉండాలి. ఎవరు ఏ వాద్యం పట్టారో పేర్లు ఉండాలి. ఆ గొంతులనూ ఆ వేళ్లనూ గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే, వాళ్ల పక్కన కూర్చుని ఆ పేర్లు రాయించుకోవాలి.