అంటుమామిడి నుండి డాలీ వరకు

బంగినపల్లి మామిడిపండు తిని టెంకను పెరటిలో పాతినచో మొక్క మొలచును గాని, దాని కాపు తల్లిచెట్టు కాపువలెనే యుండునన్న నమ్మకము లేదు. పుప్పొడి ఏ చెట్టునుండి వచ్చి పడినదో ఎవరెరుగుదురు? అందుచేతనే రైతులు అంటు కట్టుదురు. అంటు మొక్క తల్లిచెట్టులోని భాగమే గనుక దాని గుణములే దీనికిని వచ్చును. అరటి పిలకయు అట్టిదే. ఇట్లు స్త్రీపురుష బీజముల కలయిక లేకయే ఒక జీవినుండి కలిగిన సమరూప సంతతిని శాస్త్రజ్ఞులు ‘క్లోను’ అందురు. గ్రీకు భాషలో ఈ మాటకు మూలార్థము రెమ్మ.

చెట్టుకు సాధ్యమైనది గొర్రెకు సాధ్యమా? ఈ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న కలదు. జంతు దేహమంతయు ఒక్క అండకణముతో ప్రారంభమగును. అది రెండై, నాలుగై, కోట్ల కణములై, కొన్ని చర్మముగను, కొన్ని నరములుగను, కొన్ని కండరములుగను మారును. ఈ మార్పులో కణకేంద్రకమునందలి ఆదేశములు కొన్ని నశించునా? లేక అన్నియు నిలిచియుండి, అక్కరలేనివి మాత్రము మూతపడియుండునా? 19వ శతాబ్ది చివర జర్మన్ శాస్త్రజ్ఞుడు వైస్‌మన్, ఆదేశములు కణములకు వాటాలుగా పంచబడునని తలచెను.

ఆ దేశమువాడే యైన హాన్స్ స్పేమన్ 20వ శతాబ్ది ఆరంభమున ఒక చక్కని ప్రయోగము చేసెను. బల్లివలె నుండు సాలమాండరు అను ఉభయచరము పిండమును, రెండు కణముల దశలో, పసిబిడ్డ తలవెంట్రుకతో ఉచ్చు బిగించి విడదీసెను. ఒక్కొక్క సగమును సంపూర్ణ జీవిగా ఎదుగగలదని తేలినది. 1938లో ఆయన మరియొక సూచన చేసెను: ఎదిగిన కణమునుండి కేంద్రకమును తీసి, కేంద్రకము తొలగించిన అండములో ప్రవేశపెట్టి చూడవలెను. అందుకు తగిన సాధనములు ఆనాడు లేవు.

1952లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున బ్రిగ్స్, కింగ్ అనువారు కప్ప గ్రుడ్లపై ఈ పని చేసి తోకకప్పలను పొందిరి. కాని లేత పిండముల కేంద్రకములు పనిచేసినట్లు ముదురు పిండములవి పనిచేయలేదు. ఆదేశములు నశించుచున్నవన్న అనుమానము బలపడెను. 1962లో ఆక్స్‌ఫర్డునందు జాన్ గర్డన్, తోకకప్ప ప్రేగు కణముల కేంద్రకములతో మరల తోకకప్పలను పుట్టించినట్లు ప్రకటించెను. సఫలమైనవి కొద్దియే యైనను, ప్రేగుగా మారిన కణములో కూడ పూర్తి ఆదేశములు భద్రముగానే యున్నవని తెలిసినది.

క్షీరదముల అండము మిక్కిలి చిన్నది, సుకుమారమైనది. అందుచే ఎదిగిన క్షీరదమునుండి క్లోను పొందుటకు మరి 34 సంవత్సరములు పట్టినది. 1996 జూలై 5న స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో ఇయాన్ విల్మట్, కీత్ కాంప్‌బెల్ బృందము కృషివలన డాలీ జన్మించెను. ఆరేండ్ల గొర్రె పొదుగు కణములోని కేంద్రకము దానికి మూలము. మోసిన తల్లి మొగము నల్లనిది. పిల్ల మొగము తెల్లనిది. పోలిక ఎవరిదో చూచినంతనే తెలిసినది.

ఇక లెక్క చూడుడు. 277 అండములలో కణములను కలిపిరి. 29 మాత్రమే పిండములైనవి. వానిని 13 గొర్రెల గర్భములలో నుంచగా, పుట్టినది ఒక్కటి! లోకము ఆ ఒక్కదానినే చూచినది. క్లోనింగును గూర్చిన ధర్మచర్చకు తక్కిన 276 ముఖ్యము.

ప్రయోజనములు లేకపోలేదు. 1997లో పుట్టిన పాలీ యను గొర్రెలో, హీమోఫీలియా రోగులకు కావలసిన, రక్తమును గడ్డకట్టించు మానవ ప్రోటీను జన్యువు నిమిడ్చిరి. ఆ ప్రోటీను పాలలో లభింపవలెనని ఉద్దేశము. మన దేశములో కర్నాల్‌లోని జాతీయ పాడిపరిశోధన సంస్థలో 2009లో పుట్టిన మొదటి క్లోను గేదెదూడ కొద్ది దినములకే మరణించినది. 2010లో పుట్టిన గరిమ-2 ఎదిగి, 2013లో మహిమ అను దూడను ఈనినది. మేలుజాతి పశువుల వృద్ధికిది ఒక మార్గము.

మనుష్యుని విషయము వేరు. గొర్రెలలో గర్భస్రావములు, వికల జననములు సంభవించిన పద్ధతిని స్త్రీలపై, శిశువులపై ప్రయోగించుటకు అంగీకరింపగలవారెవరు? 1997లో యునెస్కో ఇది మానవ గౌరవమునకు విరుద్ధమని ప్రకటించెను. మన దేశపు మార్గదర్శక సూత్రములును దీనిని నిషేధించినవి. శిశువు కొరకు గాక చికిత్సా కణముల కొరకే పిండమును చేయవచ్చునా అన్న విషయమున మాత్రము దేశములు ఏకీభవించలేదు. పిండమునకు ఎంత గౌరవము చెల్లవలెనన్నది ఒక ప్రశ్న. అండములు ఎవరిచ్చెదరన్నది మరియొకటి. దక్షిణ కొరియాలో 2004, 2005లలో ప్రకటించిన ఘనవిజయములు కల్పితములని 2006లో తేలినది. అందుకై స్త్రీలనుండి సేకరించిన అండములు 2,000కు పైబడినవి. ఇచ్చినవారిలో ఆ ప్రయోగశాలలో పనిచేయు యువతులు కూడ కలరు.

ఆ 2006లోనే జపానులో షిన్యా యమనాకా నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, ఎలుక చర్మకణములను పిండదశవంటి స్థితికి మరల్చెను. మరుసటి ఏడు మానవ కణములతోను సాధించెను. పిండమును గాని అండమును గాని ముట్టనక్కరలేకపోయెను. 2012లో గర్డన్, యమనాకాలకు నోబెల్ బహుమతి లభించెను. కప్ప ప్రేగు కణము చెప్పిన సమాధానమే ఈ రెండవ దారిని చూపినది.

కనుక ఇట్టి వార్త విన్నప్పుడు, పుట్టినదేమిటని అడిగి ఊరకుండరాదు. ఎన్ని ప్రయత్నములు విఫలమైనవి, ఆ నష్టమును ఎవరు భరించిరి, వేరు దారి కలదా అని కూడ అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు ప్రయోగశాల సమాధానము చెప్పగలిగినపుడే ఆ ప్రయోజనము నిజమైన ప్రయోజనమగును.