ఊరి జట్టు – దేశపు జట్టు

ఆటలను జూచి ఆనందించువారిలో రెండు తెగలవారు గలరు. ఒక తెగవారికి దేశమునకును దేశమునకును నడుమ జరుగు పోటీయే పోటీ. రెండవ తెగవారికి తమ యూరి జట్టు, తమ పేట మైదానము, తాము పేరుపెట్టి పిలువగల ఆటగాండ్రు, ఇవియే ముఖ్యము. మొదటివారు నాలుగేండ్ల కొకమారు మేల్కొని, జెండా నెత్తి, మరల నిద్రింతురు. రెండవవారికి ప్రతి సాయంకాలమును ఆటవేళయే. నేను రెండవ తెగవాడను. ఆటగాడను గాను, మైదానపు గట్టున నిలిచి చూచువాడను మాత్రమే. అయినను చిరకాలము చూచినవానికి ఒక యభిప్రాయము కలుగుట సహజము. దేశపు జట్టు ఊరి జట్లనుండియే పుట్టును; ఊరి జట్లు చెడినచోట దేశపు జట్టు ఎంతోకాలము నిలువదు. ఇదియే నా యభిప్రాయము. దీనికి రెండు చరిత్రలు సాక్ష్యము చెప్పుచున్నవి. ఒకటి కలకత్తాకు వచ్చియు వేరు పట్టని రగ్బీ కథ. రెండవది మన హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో వేరు పట్టి వృక్షమైన ఫుట్‌బాల్ కథ.

ఈ రెండాటలును ఇంగ్లండు దేశపు పాఠశాలలలో ఒక్క తల్లికి బుట్టిన బిడ్డలు. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చునా, కూడదా, ఎదిరివాని పిక్కపై దన్నవచ్చునా, కూడదా యను తగవుపై అన్నదమ్ములు వేరుపడిరి. 1863లో లండనున ఫుట్‌బాల్ సంఘ మేర్పడి నియమములు వ్రాసికొనెను. రగ్బీవారు 1871లో తమ సంఘమును వేరుగా స్థాపించుకొనిరి. ఆ యేటనే మార్చి 27వ తేదీని ఎడింబరో పట్టణమున స్కాట్లండు, ఇంగ్లండు జట్లు మొదటి అంతర్జాతీయ రగ్బీ పోటీని ఆడినవి. స్కాట్లండు గెలిచెను.

మరుసటి సంవత్సరమే ఈ యాట మనదేశమున అడుగిడెను. 1872 క్రిస్మసు దినమున కలకత్తాలోని ఆంగ్లేయులొక పక్షమును, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు దేశీయులొక పక్షమునుగా జేరి రగ్బీ యాడిరి. దాని ఫలితముగా కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు వెలసెను. పేరు ఫుట్‌బాల్ అయినను అది యాడినది రగ్బీయే. ఆ ముచ్చట నాలుగైదేండ్లకంటె నిలువలేదు. పటాలములు బదిలీయై పోయినవి. వంగదేశపు ఉక్కకు దొరలు టెన్నిసును, పోలోను మేలనుకొనిరి. క్లబ్బులో ఉచితముగా బోయుచున్న మద్యమును మాన్పించగానే సభ్యులు పలుచబడిరని కూడ చెప్పుదురు! తుదకు మిగిలినవారు బ్యాంకులోని వెండి రూపాయలను దీసికొని, కరగించి, ఒక కప్పు చేయించిరి. మూడు త్రాచుపాములు దానికి పిడులు. మూతపై నొక యేనుగు. దానిని 1878లో ఇంగ్లండులోని రగ్బీ సంఘమునకు కానుకగా నంపిరి.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి గలదు. క్లబ్బులు తమలో దాము పోటీపడి గెలుచుకొనుటకై ఆ కప్పు ఉపయోగపడవలెనని కలకత్తావారి కోరిక. రగ్బీ సంఘము దాని కొప్పుకొనలేదు. ఇంగ్లండు, స్కాట్లండు దేశముల పోటీకి దానిని బహుమానముగా జేసెను. 1879లో మొదటిసారి ఆ కప్పుకై యాడిరి. ఆ పోటీ గెలుపోటములు లేక ముగిసెను. నేటికిని ఆ రెండు దేశములు ఏటేట కలకత్తా కప్పుకై పోరాడుచునే యున్నవి. కప్పుపై మన యేనుగు నిలిచినది. మన నేలపై ఆ యాట మాత్రము నిలువలేదు. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలోని కొన్ని క్లబ్బులును, సైనికులును ఆడుచుండుటచే దీపమారిపోలేదు గాని, భారతదేశపు జట్టు మొదటి అంతర్జాతీయ రగ్బీ పోటీ నాడుటకు 1998వ సంవత్సరము రావలసివచ్చెను.

ఎందుచేత? మనవారికి బలము చాలకనా? కాదు. మల్లయుద్ధమును, చెడుగుడును ఎరిగిన జాతికి పట్టుబట్టి పడద్రోయుట క్రొత్త గాదు. నాకు దోచిన కారణములు రెండు. దక్కను నేల రాతినేల. వానలు వెలిసినపిదప ఇటుకవలె గట్టిపడును. దానిపై పదిసార్లు పడి లేచుటకు మోకాళ్లు చాలవు. రెండవ కారణ మింతకంటె ముఖ్యమైనది. రగ్బీని దొరలు తమలో దామే యాడుకొనిరి. బస్తీ పిల్లవాడు గట్టున నిలిచి చూచుటయే గాని లోపలికి పిలిచినవారు లేరు. ఫుట్‌బాల్ అట్లు గాదు. ఒక్క బంతియు, నాలుగు రాళ్లును ఉన్న చాలును. కాలికి జోడు లేకున్నను ఆట సాగును. 1911లో కలకత్తా మోహన్ బాగాన్ జట్టువారు చాలమంది వట్టికాళ్లతోనే యాడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించి, ఐ.ఎఫ్.ఎ. షీల్డును గైకొనిన కథ మీ రెరిగినదే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. సికిందరు జా పేర 1806లో సికింద్రాబాదు వెలసినది. అది ఆంగ్లేయుల దండు విడిసిన చోటు. జనులు నేటికిని దానిని లష్కరనియే వ్యవహరింతురు. తిరుమలగిరి, బొల్లారము మొదలగు తావులలో పటాలములుండెను. పటాల మున్నచోట మైదాన ముండును. మైదాన మున్నచోట సాయంకాలము బంతి యుండును. సైనికుల యాటకై పుట్టిన పోటీలే మన దేశపు తొలి పెద్ద పోటీలు: 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరండు కప్పు, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్సు కప్పు. చిరకాలము వీనిని దొరల పటాలములే యేలుకొనెను. 1937లో బెంగుళూరు ముస్లిం జట్టు రోవర్సు కప్పును, 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగు జట్టు డ్యూరండు కప్పును గెలిచి, ఆ కంచుకోటల తలుపులు దెరచినవి.

ఆ తెరచిన తలుపులలో మరి కొన్నేండ్లకు రాజసముగా నడచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లో డ్యూరండు పోటీ తుదియాటలో మోహన్ బాగాన్ జట్టును గెలిచెను. ఆ యేడు మొదలుకొని 1954వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు హైదరాబాదు విడిచి పోలేదు. డ్యూరండు కప్పు 1954లోను, 1957లోను మరల వచ్చెను. రాష్ట్రము మారి జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసైన పిదప 1961లో నాలుగవసారి వచ్చెను. సంతోష్ ట్రోఫీ పోటీలో హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా విజయము నందెను. కలకత్తావలె లక్షలకొలది ప్రేక్షకులుగాని, సంపన్నులగు పోషకులుగాని లేని నగరమున కిది సామాన్యమైన ఘనత గాదు.

ఈ ఘనతకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జదివి, వృత్తిచే ఉపాధ్యాయుడయ్యెను. ఆయనను రహీం సాహెబని యందురు. ఉపాధ్యాయుడు పాఠము జెప్పునట్లే ఆయన ఆట నేర్పెను. బంతిని తనయొద్దనే యుంచుకొని విన్యాసములు చేయుట నిషేధించి కొన్ని పోటీలు పెట్టించెను. దానిచే పిల్లలకు బంతిని వెంటనే తోడివాని కందించుట యలవడెను. ఎడమకాలు బలహీనముగా నున్నవానికి ఆ కాలితోనే యాడవలసిన పోటీలు పెట్టించెను. ఎత్తు ఇంతకు మించరాదని నిర్ణయించి, పొట్టివారికి, బాలురకు వేరుగా పోటీలు జరిపించెను. ఇవి పత్రికల కెక్కు పోటీలు గావు. కాని పునాదిరాళ్లు గోడపై గనబడవు గదా!

పోలీసు ఉద్యోగమును ఈ పునాదికి తోడయ్యెను. బాగుగా నాడు పేదయింటి పిల్లవానికి ఖాకీ చొక్కా దొరకెను. నెల జీతము దొరకెను. సాయంకాలము ఆటకు సెలవు దొరకెను. రేపటి కూటికి చింతలేని కాలు బంతిని మరింత నేర్పుగా దన్నును.

నేడు సైన్యమున బనిచేసి విశ్రమించినవారికై సికింద్రాబాదునకు ఈశాన్యమున వెలసిన సైనిక్‌పురి గలదు. దాని ప్రక్కనే అమ్ముగూడ. చిన్న రైలుస్టేషనుగల ఈ పల్లెపట్టున 1936లో ఒక పేద తమిళ కుటుంబమున తులసీదాస్ బలరాం జన్మించెను. సైనికులు, బస్తీ పిల్లలు ఆడు మైదానములే ఆతని బడి. ఆతని యాట రహీం కంటబడెను. అమ్ముగూడనుండి నగరమునకు దినదినము వచ్చుటకు ఆ బాలునికి స్తోమతు లేకపోగా, సైకిలు అద్దెకు రహీం సాహెబే సొమ్మిచ్చెనని చెప్పుదురు. ఇరువది యేండ్ల ప్రాయముననే బలరాం 1956 మెల్బోర్ను ఒలింపిక్ జట్టులో నుండెను. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ, పెరూ దేశములపై గోలులు చేసెను. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను ముగ్గురిని నాటి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని జనులు నేటికిని చెప్పుకొందురు. 2023లో ఆయన కలకత్తాలో దివంగతుడయ్యెను.

ఆ కాలపు మరియొక లష్కరు బిడ్డ పీటర్ తంగరాజు. సికింద్రాబాదులోని చిన్న క్లబ్బులలో నాడి, సైన్యమున జేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టుకు గోలు కాచెను. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరండు కప్పును గెలిచెను. ముందువరుస ఆటగాడుగా మొదలిడి, గోలుకాపరియై ఆసియాఖండమున పేరుమోసినవా డాతడు.

ఇప్పుడు దేశపు జట్టును జూడుడు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మనవారు యుగోస్లావియాచే 10–1 గోలులతో నోడిరి. చలిదేశమున వట్టికాళ్లు పనికిరావని అందరికి దెలిసినది. నాలుగేండ్లకే మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో నోడించి, ఒలింపిక్ సెమీఫైనలునకు జేరిన మొదటి ఆసియా జట్టు మనది. నాలుగవ స్థానము లభించెను. ఆ జట్టులో బలరాంతోపాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, అహమ్మద్ హుసేన్ మొదలగు హైదరాబాదువా రెందరో యుండిరి, శిక్షకుడు రహీం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. రహీం దేహమును అప్పటికే పుట్టకురుపు తినుచుండెను. తొలియాటలో దక్షిణ కొరియా మనలను 2–0తో గెలిచెను. తుదిపోటీలో మరల ఆ కొరియాయే యెదురయ్యెను. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. తలకు గాయమై కట్టుకట్టుకొన్న వెనుకవరుస వీరుడు జర్నైల్ సింగును రహీం ముందువరుసలో నిలిపెను. బెనర్జీ యొకటి, జర్నైల్ యొకటి గోలులు చేసిరి. తంగరాజు గోలు కాచెను. 2–1తో స్వర్ణపతకము మనదయ్యెను. ఏడాది తిరుగకమునుపే, 1963 జూను 11వ తేదీని, రహీం కాలధర్మము నందెను.

దేశపు జట్టు ఊరి జట్లనుండి పుట్టుననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? అయితే ఈ కథకు రెండవ భాగమును గలదు, అది విచారకరము. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున 1970 బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము లభించెను. ఆ పిదప నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పతకము మనకు రాలేదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కనబడుట 1960తోనే ముగిసెను. మంచి ఆటగాండ్రు ధనమునకై, పేరునకై కలకత్తాకు దరలిరి. వారిని నిందింప బనిలేదు. కాని పోయినవాని స్థానమున మరియొకని దయారుచేయు ఉపాధ్యాయుడు ఊరిలో లేకపోయెను. ఒక మహాపురుషునిపైనను, ఒక ప్రభుత్వశాఖపైనను మాత్రమే ఆధారపడిన యిల్లు, ఆ స్తంభము గూలగానే వంగెను. ఇది మన పాత వైభవములోని లోపమని ఒప్పుకొనవలెను.

ఇటీవలి సంగతి యింకొకటి. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్రొత్త క్లబ్బు వచ్చెను. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్సు జట్టును పెనాల్టీలలో గెలిచి ఇండియన్ సూపర్ లీగు విజేతయయ్యెను. నగరమంతయు సంతసించెను. 2025లో ఆ క్లబ్బు యాజమాన్యము మారి, పేరు మారి, ఢిల్లీకి దరలిపోయెను. ధనముతో వచ్చినది ధనముతోనే పోయెను. సొమ్ము చెడ్డదని నే ననను. నేటి యాటకు సొమ్ము కావలసినదే. కాని పూలకుండీ వేరు, చెట్టు వేరు. కుండీని బండిమీద నెక్కించి ఎచ్చటికైనను గొంపోవచ్చును. సిటీ పోలీసు జట్టు నట్లు గొంపోవుట కెవ్వరికిని సాధ్యమయ్యెడిది గాదు. దాని వేళ్లు బస్తీలలో, బడులలో, లష్కరు మైదానములలో నుండినవి.

కావున దేశపు జట్టు ఓడిన దినమున శిక్షకుని, ఆటగాండ్రను దూషించుటకు మునుపు మన మొక ప్రశ్న వేసికొనవలెను: మన పేటలో సాయంకాలము పిల్లలు ఆడుకొనుటకు ఎన్ని మైదానములు మిగిలినవి? కంచె లేనివి, తాళము వేయనివి, రుసుము గోరనివి ఎన్ని? వారికి బంతి నందించుట నేర్పు ఉపాధ్యాయుడు బడిలో నున్నాడా? అమ్ముగూడనుండి మరియొక బాలుడు వచ్చినయెడల, వానికి సైకిలు అద్దె నిచ్చు చేయి గలదా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిననాడు దేశపు జట్టును గూర్చి ప్రత్యేకముగా చింతింప నవసరముండదు. అంతవరకు నావంటి గట్టుమీది మనుజుడు చేయగలిగిన దొక్కటే: పెద్ద పోటీలకై వేచియుండక, ప్రక్కవీధి పిల్లల యాటను రేపు సాయంకాలము పోయి చూచుట. చూచువా డున్నచోట ఆడువాని కాలికి బలము గలుగును.